మా వదిన నడక, మా ఆయన లక్ష్యాలు

మా ఆయన ఖాళీ రోడ్డు మీద కూడా సిగ్నల్లో ఎర్రబొమ్మ కనిపిస్తే ఆగిపోతారు. వెనకాల నేను కూరగాయల సంచీ మోస్తూ నిలబడి, ఇటూ బండి లేదు, అటూ బండి లేదు, ఎవరికోసమండీ ఈ తపస్సు అని సణుగుతుంటాను. సిగ్నల్ పెట్టినవాడే సిగ్నల్ దాటితే ఇంకెవరు ఆగుతారని ఆయన వాదన. రోడ్ల శాఖలో సిగ్నళ్ల విభాగం ఇంజినీరు ఆయన. జీతం ఆ ఉద్యోగానిది. ప్రాణం మాత్రం తెలివైన రవాణా వ్యవస్థల ఇంజినీర్ల సంఘానిది. మా ఊరి శాఖకు ఆయన కార్యదర్శి.

కార్యదర్శి అంటే పెద్ద పదవి అనుకునేరు. ఆ సంఘానికి సొంత కుర్చీ కూడా లేదు. ఇంజినీరింగు కాలేజీవాళ్లను బతిమాలి హాలు తెచ్చుకుంటారు, మైకు పనిచెయ్యకపోతే మా ఆయనే వంగి వైర్లు చూస్తారు. ఏటా కూర్చుని లక్ష్యాలు రాసుకుంటారు. సిగ్నళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, అంబులెన్సుకు దారి దానంతటదే తెరుచుకోవాలి, ఒకరు నేర్చుకున్నది పదిమందికి చెప్పాలి, కొత్తగా చదువుకొచ్చిన పిల్లలను ప్రోత్సహించాలి. అవన్నీ అన్నం తినే బల్లమీద పరిచి ముందు నాకు చదివి వినిపిస్తారు. నీకు అర్థమైతే ఊళ్లో అందరికీ అర్థమైనట్టే అంటారు. ఇది పొగడ్తో, తిట్టో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. మా తమ్ముడైతే ఆయనకు లక్ష్యాల బావగారని పేరే పెట్టేశాడు.

ఎగతాళి చేస్తున్నానుగాని, ఆ పిచ్చి ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. వాళ్లక్క దగ్గర.

మా వదినకు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. చంకకర్రతో నడుస్తుంది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, ఒకటిన్నర కాలుతో నన్ను నేను మోసుకోవడమే సరిపోతోంది, మొగుణ్ణి కూడా మొయ్యనా అంటుంది. మాతోనే ఉంటుంది. మా బిల్డింగుకు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల, ఆమెకు జిప్పుల కొట్టు ఉంది. బడి సంచులు, సూట్‌కేసులు, కోట్లు, ఏది పళ్లూడి వచ్చినా బాగుచేస్తుంది. ఒక కుట్టుమిషను, గోడనిండా రంగురంగుల జిప్పులు, కస్టమర్లకోసం ఒక బల్ల. నేను కాపరానికి వచ్చిన కొత్తలో ఆమె మెట్లు దిగుతుంటే మంచిదాన్ననిపించుకుందామని మోచెయ్యి పట్టుకున్నాను. నేను పడితే లేస్తానమ్మాయ్, నువ్వు పట్టుకుంటే ఇద్దరం పడతాం అంది. మళ్లీ పట్టుకోలేదు. ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోగా నేను చూడలేదు.

మా ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు, నడిచేవాళ్లకు పచ్చబొమ్మ ఎంతసేపు వెలగాలన్నది మనిషి నడకనుబట్టి లెక్కేసేవారట. ఏ మనిషి నడక అని పుస్తకంలో వెతకకుండా ఈయన వాళ్లక్కను ఆఫీసుకు తీసుకెళ్లి, పొడుగాటి వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిపించి, గడియారం పట్టుకుని చూశారు. ఆమె ఎంతసేపు నడిస్తే అంతసేపు. ఊళ్లో అన్ని సిగ్నళ్లకూ అదే కొలత పెట్టారు. ఆఫీసులకు పరుగెత్తే పెద్దమనుషులు కార్లలో కూర్చుని, ఈ సిగ్నల్ పెట్టినవాణ్ణి తన్నాలి అనుకుంటూ మా వదిన నడకకోసం ఆగేవారు. ఎవరికోసం ఆగుతున్నారో వాళ్లకు తెలియదు. మా వదినకు తెలుసు. ఆ సంగతి వచ్చినప్పుడల్లా ఆమె మొహం వెలిగిపోయేది.

మరి అంత బాగా ఉన్నదాన్ని మార్చింది ఎవరు? మా ఆయనే. ఆ కాలపు సిగ్నల్ గుడ్డిదని ఆయన బాధ. వానలో మనుషులు నిలబడి ఉన్నా దానికి తెలియదు, రోడ్డు ఖాళీగా ఉన్నా బండ్లను ఆపి కూర్చోబెడుతుంది. కళ్లూ బుర్రా ఉన్న సిగ్నళ్లు రావాలని సంఘంలో ఏళ్ల తరబడి గొంతు చించుకున్నారు. ఏటా లక్ష్యాల్లో అది రాయించారు. చివరికి శాఖవాళ్లు సరేనన్నారు, ఏదో కంపెనీకి పని అప్పగించారు, మొదట ఏ కూడలిలో పెడదామంటే ఈయన చెయ్యెత్తి మా ఇంటిముందు కూడలిని చూపించారు. ఇంట గెలిచి రచ్చ గెలవాలి కదా.

కెమెరా బిగించినరోజు వాళ్లక్కను స్తంభం దగ్గరికి తీసుకెళ్లి చూపించారు. ఇక కాచుకుని నిలబడే పని లేదక్కా, అదే నిన్ను చూస్తుంది అన్నారు. చూసి ఏం చేస్తుందిరా అంది వదిన. నీకోసం ఆగుతుంది అన్నారు. నేను పక్కనే ఉన్నాను.

నిజంగానే ఆగింది. కొన్నాళ్లు ఆమె పేవ్‌మెంటు అంచుకు చేరగానే పచ్చబొమ్మ వెలిగేది. తర్వాత ఆ బొమ్మ వెలిగే సమయం తగ్గుతూ వచ్చింది. ముందు ఎవరూ గమనించలేదు. ఒకరోజు ఉదయం నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తూ కిందికి చూస్తే వదిన రోడ్డు మధ్యలో డివైడర్ మీద ఉంది. ముందూ బండ్లే, వెనకా బండ్లే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చంకకర్ర ఒకచేత్తో, సిగ్నల్ స్తంభం ఇంకోచేత్తో పట్టుకుని నిలబడింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరుగెత్తాను. ఈలోగా మళ్లీ పచ్చబొమ్మ వచ్చింది, దాటేసింది. సాయంత్రం అడిగితే, గాలి బాగుంటే నిలబడ్డానులే అంది. అబద్ధం. ఆమె చీర అంచు నిండా బండ్ల బురద.

మా ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఏవేవో చూసి, మొహం వేలాడేసుకుని లేచారు. ఆ యంత్రం ఎక్కువమంది ఎలా నడుస్తారో చూసి నేర్చుకుంటుందట. మా కూడలిలో దాటేవాళ్లలో ఎక్కువమంది చెవిలో పాటలు పెట్టుకుని పరుగెత్తే కుర్రకారు. వాళ్లకు ఆ కాస్త సమయం చాలు. దాంతో అది కొంచెం తగ్గించింది. తగ్గించేసరికి కింది అంతస్తులో ఉండే రిటైరైన టీచరుగారు భయపడి ఆ దారి మానేశారు. పిల్లబండి తోసుకొచ్చే ఆవిడ మానేసింది. నెమ్మదిగా నడిచేవాళ్లు కనపడకపోయేసరికి యంత్రం ఇంకా తగ్గించింది.

“అది చూసిందే నేర్చుకుంటుంది,” అన్నారు ఆయన. “భయపడి ఇంట్లో కూర్చున్నవాళ్లు దానికి కనపడరు.”

నాకు ఒళ్లు మండింది. మనిషిక్కూడా అంతేగా, దానికి వేరే కెమెరా ఎందుకు అన్నాను. ఆయన అవునన్నట్టు తల ఊపారు. అలా ఒప్పేసుకున్నప్పుడు ఆయన్ని ఇంకా తిట్టాలనిపిస్తుంది, తిట్టలేను.

ఇక ఆయన అందరి చుట్టూ తిరగడం మొదలైంది. ఒక్కడైనా కాదన్నాడా అంటే లేదు. అదే నా ఏడుపు. శాఖలో పెద్దసారు కుర్చీ వేసి కూర్చోబెట్టి, చాలా మంచి విషయం పట్టుకున్నారయ్యా, మీ సంఘం తరఫున రాసి పంపండి అన్నాడట. సంఘం అధ్యక్షుడు ప్రొఫెసరుగారు, అయ్యో తప్పకుండా, వచ్చే ఏడు లక్ష్యాల్లో మొదటి వాక్యమే అది కావాలి అన్నారట. కంపెనీ తరఫున ఉండే అమ్మాయి మరీ మర్యాదస్తురాలు. ఫోన్లో అంకుల్ అని పిలిచింది. సమయం చేత్తో మార్చే వీలు ఇందులో పెట్టలేదు అంకుల్, అది తనంతట తాను నేర్చుకోవాలి, నెమ్మదిగా నడిచేవాళ్లు ఎక్కువమంది కనిపిస్తే పెంచుతుంది అంది. పాతరోజుల్లో ఆ స్తంభం పక్కన పెట్టెకు తాళం ఈయన జేబులో ఉండేది. ఇప్పుడు తాళమూ లేదు, పెట్టే లేదు. మాటలు కోటలు దాటుతున్నాయి, కాలు గడప దాటడం లేదు.

ఆ అమ్మాయి మాట పట్టుకుని మా ఆయన ఒక పథకం వేశారు. దానికి నెమ్మదిగా నడిచేవాళ్లు కావాలంతేగా, చూపిద్దాం. బిల్డింగంతా తిరిగి తలుపులు కొట్టారు. టీచరుగారు, ఆయన భార్య, పిల్లబండి ఆవిడ, మోకాళ్ల ఆపరేషనైన వాచ్‌మన్ వాళ్లమ్మ, అందరికీ ముందు మా వదిన. రోజూ ఉదయం ఆఫీసుల వేళ అటు దాటడం, ఇటు దాటడం, మళ్లీ అటు. చంటిపిల్లాడికి అక్షరాలు దిద్దించినట్టు కెమెరాకు నడక నేర్పడం. పచ్చబొమ్మ ఆరిపోయాక కూడా వాళ్లు మధ్యలోనే ఉంటారు కాబట్టి, నేను ముందు నిలబడి రెండు చేతులూ చాచి బండ్లను ఆపాలి. ఇదీ నా ఉద్యోగం. ఒక లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, ఏమ్మా, అవతల ఏమైనా ఊరికే పంచిపెడుతున్నారా అని అడిగాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వదినకు చంక కింద ఒరుసుకుపోయి పుండు పడింది. ఈ వయసులో నన్ను పరీక్షకు కూర్చోబెట్టావురా అంటూనే మర్నాడు అందరికంటే ముందు కిందికి దిగేది. తమ్ముడు చెప్పాడంటే ఆమెకు అంత నమ్మకం.

అబ్బో, పనిచేసింది! కొన్నాళ్లకు పచ్చబొమ్మ నిలకడగా వెలగడం మొదలైంది. వదిన ఇటునుంచి అటు ఒక్క ఊపున, అంటే ఆమె ఊపున, దాటేసి అవతలి గట్టుమీద నిలబడి మా బాల్కనీకి చంకకర్ర ఎత్తి చూపించింది. మా ఆయన పిల్లాడిలా చప్పట్లు కొట్టారు. ఆ ఒక్క వారం మా ఇల్లు ఇల్లులా ఉంది.

కానీ మేము పచ్చబొమ్మనే చూసుకున్నాం, వెనక నిలబడిపోయిన బండ్లను చూసుకోలేదు. వరుస పెరిగి పెరిగి పెద్ద ఫ్లైఓవర్‌దాకా పోయిందట. యంత్రం దాన్నీ చూసింది, దాన్నీ నేర్చుకుంది. ఈ ఒక్కచోట మనుషులు దాటకుండా చేస్తే మొత్తం దారి సాఫీ అవుతుందని తేల్చి పైకి పంపింది. పైవాళ్లు సరేనన్నారు. డివైడర్ పొడుగునా ఇనుప కంచె వెయ్యాలి, నడిచేవాళ్లు అంత దూరాన ఉన్న మెట్ల వంతెన ఎక్కి దాటాలి. సిగ్నళ్ల విభాగం తరఫున ఆ ప్లానుమీద సంతకం పెట్టాల్సింది ఎవరు? ఇంకెవరు, మా ఆయనే.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని కలపకుండా చూస్తున్నారు. వదిన ఇంకా కొట్టునుంచి రాలేదు.

“పెట్టారా?” అని అడిగాను.

“పెట్టాను.”

“చెయ్యెలా వచ్చిందండీ మీకు?”

“నేను పెట్టకపోతే పక్క విభాగంవాళ్లు పెడతారు. నేను పెడితే, వంతెనకు లిఫ్టు కట్టాలని ఒక వాక్యం రాయొచ్చు. రాశాను.”

ఆ వాక్యాన్ని అందరూ ఒప్పుకున్నారు. లిఫ్టుకోసం వంతెన పక్కన నిలువుగా గోడలు కూడా లేపారు. లోపల లిఫ్టు మాత్రం లేదు, ముందు ఒక రేకు అడ్డం పెట్టి ఉంది.

కంచె వేశాక వదిన కొట్టుకు వెళ్లాలంటే మా ఆయన స్కూటరు మీద దూరంగా పోయి మలుపు తిరిగి రావాలి. ఆయనకు తీరికైనప్పుడు కొట్టు తెరవాలి, ఆయన ఆఫీసునుంచి వచ్చేదాకా బల్లమీద కూర్చోవాలి. మొదట్లో బడి పిల్లలు తాళం చూసి వెనక్కి పోయేవారు, తర్వాత రావడమే మానేశారు. కొట్టు మూసేద్దాంరా అని ఆమె అన్నప్పుడల్లా ఆయనది ఒకటే మాట: ఒక్క మీటింగు ఆగక్కా. శాఖ మీటింగు అయింది, కంపెనీ మీటింగు అయింది. చివరికి సంఘం వార్షిక సభ మిగిలింది. అక్కడ అందరిముందూ అడుగుతాను, పేపరువాళ్లు కూడా వస్తారు, ఆ కంచెలో ఒక దారి తెరిపిస్తాను అన్నారు. వదిన మంచి చీర తీసి ఇస్త్రీ చేసుకుంది.

సభకు వెళ్లాకగాని నాకూ వదినకూ తెలియలేదు, ఆ ఏడు ఉత్తమ కూడలి బహుమతి మా కూడలికేనని. అవునండీ, మాదే. బహుమతి ప్రశంసాపత్రం చదవాల్సింది కార్యదర్శి. మా ఆయన మైకు ముందు నిలబడి, ఈ కూడలిలో ఏడాదిగా నడిచేవాళ్లకు ఒక్క ప్రమాదం కూడా జరగలేదు అని చదివారు. హాలంతా చప్పట్లు. చప్పట్లు ఆగేదాకా ఆయన తల దించుకునే ఉన్నారు.

“జరగలేదు, ఎందుకంటే అక్కడ ఇప్పుడు ఎవరూ నడవడం లేదు,” అన్నారు. “అక్కడ మా అక్క నడిచేది. అదిగో, మూడో వరుసలో కూర్చుంది. ఆ కంచెలో ఒక దారి తెరవండి. నేను అడిగేది అంతే.”

అప్పుడు ప్రొఫెసరుగారు లేచారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, నిజంగానే ఆయన కళ్లలో నీళ్లు. మన కార్యదర్శిగారు మన బాధ్యతను గుర్తుచేశారు, ‘ఏ ఒక్క నడిచే మనిషినీ వెనక వదలకూడదు’ అన్నది వచ్చే ఏటికి మన ప్రధాన లక్ష్యంగా పెట్టుకుందాం అన్నారు. అందరూ చేతులెత్తారు. శాఖ పెద్దసారు ఎత్తాడు. కంపెనీ అమ్మాయి రెండు చేతులూ ఎత్తింది. అందరూ లేచి నిలబడి మా వదినవైపు తిరిగి చప్పట్లు కొట్టారు. వదిన కూర్చునే దణ్ణం పెట్టింది. తర్వాత నావైపు వంగి, ఎంత మంచివాళ్లమ్మాయ్ అందరూ అంది. ఆ మాటలో వెటకారం లేదు. కోపం కూడా లేదు. ఉంటే నాకు బాగుండేది.

సభ అయ్యాక ఆయన స్నేహితుడొకడు, సంఘంలోవాడే, కారులో దింపుతానన్నాడు. మా వీధికి వచ్చేసరికి చీకటి పడుతోంది. కారును జిప్పుల కొట్టు వైపు ఆపి, ఎదురేగా మీ ఇల్లు, దాటేస్తారుగా, మలుపు తిరిగొస్తే నాకు ఆలస్యమవుతుంది అన్నాడు. మా ఆయన మొహమాటానికి ఆఁ ఆఁ అన్నారు. తిడదామని నోరు తెరిచేలోగా కారు వెళ్లిపోయింది. ఇంతసేపూ ఆ పాఠమే విన్న మనిషి!

ముగ్గురం కంచె ఇవతల నిలబడ్డాం. ఎదురుగా మా బాల్కనీ, నేను తీయడం మరిచిపోయిన బట్టలు. మెట్ల వంతెన దాకా నడిచాం, వదిన నడకన. కింది మెట్టు దగ్గర మా ఆయన సభలో ఇచ్చిన పూలగుత్తి నా చేతికిచ్చి, వాళ్లక్క ముందు వంగి కూర్చున్నారు. ఎక్కక్కా, వీపుమీద ఎక్కు అన్నారు.

“లెగరా,” అంది వదిన. “ఇవాళ ఎక్కితే రేపూ ఎక్కాలి. నేను ఎక్కను.”

ఆయన వెంటనే లేవలేదు. జనం పక్కకు జరుగుతూ, సారీ అండీ అంటూ మెట్లెక్కిపోతున్నారు. నేనే భుజం పట్టుకుని లేపాను. టాక్సీ పిలిచాను. డ్రైవరు ఎక్కడికని అడిగితే, అదిగో ఆ కనపడే ఇంటికి అన్నాను. వేళాకోళమనుకుని నవ్వాడు. మేము ఎక్కి తలుపు వేసుకునేసరికి నవ్వు ఆపి బండి కదిలించాడు.

వదిన కిటికీవైపు కూర్చుంది. బండి చాలాదూరం పోయి మలుపు దగ్గర ఆగింది.

“తమ్ముడూ,” అంది. “రేపు కొట్టు ఖాళీ చేసేద్దాంరా.”

ఒక్క మీటింగు ఆగక్కా అంటారని చూశాను. వదినా అదే చూసింది. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని ముందుకే చూస్తూ, “సరే అక్కా,” అన్నారు.

తమ్ముడు ఆగమనకపోవడం ఆమె ఎప్పుడూ ఎరగదు. ఒక్కసారి ఆయనవైపు తిరిగింది. తర్వాత నావైపు చూసింది. ఇన్నేళ్లలో ఆమె మొహంలో భయం నేను చూడటం అదే మొదలు.